కలకత్తా మదర్ తెరెసా గృహాల్లో వాలంటీర్ సేవ: విశ్వాసానికి మంచి బడి, పని మాత్రం నేర్చుకునే వెళ్లాలి

ముందే తేల్చి చెప్పేస్తాం. కలకత్తాలో మిషనరీస్ ఆఫ్ చారిటీ సిస్టర్ల గృహాల్లో కొన్ని వారాలు వాలంటీరుగా పనిచెయ్యడం కథోలిక యువతకు దొరికే అవకాశాల్లో చాలా గట్టిది. ప్రార్థన, పని ఒకదాన్నొకటి వదలకుండా రోజంతా ఎలా నడుస్తాయో అక్కడ కళ్లారా చూడొచ్చు. లోటు ఒక్కటే, అయితే అది చిన్నది కాదు. రోగిని లేపడం, తినిపించడం, మంచాన పడ్డవాళ్లకు పుండ్లు పడకుండా చూడడం ఎలాగో కూర్చోబెట్టి నేర్పే ఏర్పాటు అంతగా ఉండదు. మనసు నిండా ప్రేమ ఉన్నా చేతికి పని రాకపోతే రోగికి నొప్పే మిగులుతుంది. అందుకే ఈ సమీక్షలో చాలా భాగం ఆ పని గురించే రాస్తున్నాం.

మదర్ కూడా పని నేర్చుకునే దిగారు. 1948లో లొరెటో మఠం గడప దాటాక ఆమె నేరుగా మురికివాడకు వెళ్లలేదు. పట్నాలో మెడికల్ మిషన్ సిస్టర్ల ఆసుపత్రికి వెళ్లి, రోగుల సేవకు కావలసిన ప్రాథమిక విషయాలు నేర్చుకుని తిరిగొచ్చారు. 1949 మార్చి 19న మొదట ఆమెతో చేరిన సుభాషిణీ దాస్, ఆ వెనుక వచ్చినవారిలో ఎక్కువమంది ఆమె దగ్గర చదువుకున్న అమ్మాయిలే. పేదల సేవకు సభలో చేరిన ఆ తొలి బృందం మొత్తం మన విచారణల్లోని (పారిష్‌లలోని) యువత వయసువాళ్లే. 1950 అక్టోబరు 7న సభకు గుర్తింపు వచ్చింది. పేదల్లో కెల్లా పేదలకు మనస్ఫూర్తిగా, ఉచితంగా సేవ చేస్తామన్న నాలుగో మాటపట్టు (వ్రతం) ఈ సిస్టర్లకు ప్రత్యేకం. వాలంటీర్లకు ఫీజు లేకపోవడం, రోగులకు బిల్లు లేకపోవడం రెండూ దాన్నుంచి వచ్చినవే.

ఫీజు లేదు, జీతం లేదు, బస కూడా లేదు. ఉదయం టిఫిన్ ఒక్కటే వాళ్లు పెడతారు. బసకు చాలామంది ఇండియన్ మ్యూజియం పక్కనున్న సడ్డర్ స్ట్రీట్‌లో చవక లాడ్జీలు చూసుకుంటారు. అక్కణ్ణించి సిస్టర్ల ప్రధాన గృహమైన మదర్ హౌస్‌కు నడిచి వెళ్లొచ్చు. ఆ వీధిలో ఒక విషయంలో జాగ్రత్తగా ఉండాలి. చంకలో బిడ్డతో ఒకామె వచ్చి డబ్బు వద్దంటుంది, పాలపొడి డబ్బా కొనిపెట్టమంటుంది, దుకాణం కూడా తనే చూపిస్తుంది. మీరు అటు వెళ్లగానే ఆ డబ్బా తిరిగి షాపుకే చేరుతుంది. జాలితో చేసే పని పేదలకే చేరాలంటే మీ డబ్బు, మీ సామాను మదర్ హౌస్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. బట్టలు, మందులు మూటగట్టి తీసుకెళ్లే ముందు ఏది అవసరమో అడగండి. గడువు దాటిన మందుల అట్టలు సిస్టర్లకు భారమే.

నమోదు పద్ధతి ఏళ్ల తరబడి ఇలా నడుస్తోంది: సోమ, బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో ఏజేసీ బోస్ రోడ్డు 78వ నంబరులోని శిశు భవన్‌లో. మదర్ హౌస్ అదే రోడ్డులో 54ఏ. గుర్తింపు కార్డు చూపించి చిన్న ఫారం నింపాలి. ఎన్ని రోజులు ఉంటారు, ఏ పని వచ్చు అని సిస్టర్ అడిగి, ఏ గృహానికి వెళ్లాలో రాసిన చీటీ ఇస్తారు. గురువారం వాలంటీర్లకు సెలవు. ఆ రోజు మదర్ సమాధి దర్శనం కూడా ఉండదు, కాబట్టి బుధవారం రాత్రి దిగి గురువారం ఉదయం తలుపు తడితే ప్రయోజనం లేదు. వేళలు మారుతుంటాయి, బయల్దేరే ముందు ఒకసారి కనుక్కోండి. విచారణ గురువు దగ్గర ఒక పరిచయ లేఖ రాయించుకుంటే మంచిదే, కానీ ఆ లేఖ ఉందని మీకు నచ్చిన గృహం ఇస్తారనుకోవద్దు.

ఆ విషయంలో మా సలహా, సిస్టర్ ఎక్కడికి పంపితే అక్కడికే వెళ్లండి. పేరు విని అందరూ కాళీఘాట్ నిర్మల్ హృదయ్ కోరుకుంటారు. 1952 ఆగస్టు 22న, కాళీమాత గుడిని ఆనుకుని ఉన్న యాత్రికుల సత్రంలో, నగరపాలక సంస్థ ఇచ్చిన చోట మొదలైన గృహమది. వీధిలో చనిపోయే స్థితిలో ఉన్నవాళ్ల కోసం. అక్కడ చోటు తక్కువ, మంచాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. వాలంటీర్లు ఎక్కువైతే ఒకరి కాళ్లకు ఒకరు అడ్డం పడతారు. పార్క్ సర్కస్ అవతల ప్రేమ్ దాన్ అలా కాదు. పెద్ద ఆవరణ, దీర్ఘకాల రోగులు, కొండంత పని. ఉతుకు రాళ్ల దగ్గర రెండు చేతులు ఎప్పుడూ కావాలి. వైకల్యం ఉన్న పిల్లల గృహం దయా దాన్‌లో పనికి ఓపిక కావాలి, ఫిజియోథెరపీ, స్పెషల్ ఎడ్యుకేషన్ చదివినవాళ్లయితే అక్కడ బంగారమే. అలాంటి చదువు ఉంటే నమోదు రోజే చెప్పండి.

రోజు తెల్లవారుజామునే మొదలవుతుంది. 6 గంటలకు మదర్ హౌస్ గుడిలో దివ్యబలి పూజ. కుర్చీలు వెతక్కండి, సిస్టర్లంతా నేల మీదే కూర్చుంటారు. కిటికీలు రోడ్డు వైపే కాబట్టి బండ్ల మోత, బస్సుల హారన్లు పీఠం దాకా వినబడతాయి. మొదట్లో అది చికాకు. రెండు మూడు రోజులయ్యాక ఆ రొద లేని గుడి మనకు ఏదో వెలితిగా అనిపిస్తుంది, ఎందుకంటే ఆ వీధి కోసమే ఆ ప్రార్థన. సిలువ పక్కన గోడ మీద యేసు సిలువపై పలికిన దాహం మాట రాసి ఉంటుంది. ప్రపంచంలో ఈ సభవారి గుడి ఎక్కడున్నా ఆ మాట ఉంటుంది. పూజ అయ్యాక బ్రెడ్డు, అరటిపండు, చాయ్. కలిసి ఒక చిన్న ప్రార్థన, ఆ రోజు వెళ్లిపోయేవాళ్లకు వీడ్కోలు పాట. 8 గంటలకల్లా బస్సెక్కో నడిచో ఎవరి గృహానికి వాళ్లు. మధ్యలో చాయ్ విరామం ఉంటుంది, మధ్యాహ్నం 12కి ఉదయపు పని ముగుస్తుంది. ఓపిక ఉన్నవాళ్లు 3 నుంచి 5 దాకా మళ్లీ వెళ్లొచ్చు. సాయంత్రం మదర్ హౌస్‌లో సత్ప్రసాద ఆరాధన. దీన్ని మానెయ్యకండి. పగలంతా చూసింది మనసులో సర్దుకోవడానికి అక్కడ దొరికే గంట అదే. మానేసినవాళ్లు సడ్డర్ స్ట్రీట్ టీకొట్ల దగ్గర గంటలకొద్దీ అదే మాట్లాడుకుంటూ ఇంకా అలిసిపోతారు.

ఇక ఉతుకు. దీన్నెవరూ లెక్కలోకి తీసుకోరు గానీ వాలంటీరు పనిలో పెద్ద భాగం ఇదే, చాలావరకు చేత్తోనే. దుప్పట్లు, పక్కబట్టలు, రోగుల దుస్తులు గుట్టలుగా వస్తాయి. మలమూత్రాలు అంటినవి మొదటే వేరు చేసి, గట్టిది దులిపి, పారే నీళ్లలో జాడించి, క్రిమిసంహారక నీళ్లలో నానబెట్టాలి. దాన్ని వదిలేసి అన్నీ ఒకే తొట్టిలో వేస్తే ఆ తొట్టి మొత్తం పాడే. సబ్బు తొట్టిలో దుప్పట్లను కాళ్లతో తొక్కడం సులువు, నడుము నొప్పి ఉండదు. ఆ తర్వాత రెండుసార్లు మంచినీళ్లలో జాడించాలి. సబ్బు మిగిలితే మంచాన పడ్డవాళ్ల చర్మం ఒరుసుకుపోతుంది. పిండడం ఇద్దరి పని: చెరో కొస పట్టుకుని ఎదురెదురు దిక్కులకు మెలితిప్పాలి. ఇక్కడే కొత్తవాళ్లు బద్ధకిస్తారు. సరిగా పిండని దుప్పటి వానాకాలం కలకత్తాలో సాయంత్రానికి కూడా ఆరదు, ముక్కిపోయిన వాసన వస్తుంది, మర్నాటికి అదే రోగి మీదికి వెళ్తుంది. బ్లీచింగ్‌ను, టాయిలెట్ కడిగే యాసిడ్‌ను ఎప్పుడూ కలపొద్దు. విషవాయువు వస్తుంది. ఒకటి వాడాక నీళ్లు కొట్టి కడిగాకే రెండోది.

తినిపించడం చూడ్డానికి తేలిక, తప్పు జరిగితే ప్రాణం మీదికి వచ్చే పని. పడుకున్న మనిషి నోట్లో ఎప్పుడూ ఏదీ పెట్టొద్దు. దిండ్లు దన్నుపెట్టి వీలైనంత నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉండేలా చూడాలి. తల వెనక్కి వాలితే అన్నం ఊపిరితిత్తుల దారి పడుతుంది. నిలబడి పైనుంచి పెట్టడం కూడా అందుకే తప్పు, మనల్ని చూడ్డానికి ఆయన తల ఎత్తుతాడు. ఎదురుగా అదే ఎత్తులో కూర్చోండి. అన్నం, పప్పు మెత్తగా మెదిపి అర చెంచా చొప్పున ఇవ్వాలి. గొంతు కదిలి మింగాడని చూశాకే తర్వాతి చెంచా. పక్షవాతం వచ్చినవాళ్లయితే బాగున్న వైపు బుగ్గలో పెట్టాలి, చివర్లో రెండో బుగ్గలో మిగిలిందేమో చూడాలి. దగ్గు వచ్చినా, గొంతులో నీళ్లు గరగరలాడినట్టు మాట మారినా ఆపేసి సిస్టర్‌ని పిలవండి. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టొద్దు. ఒక్కరికి ఇలా పెట్టడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పట్టొచ్చు. పక్కవాళ్లు నలుగురికి పెట్టేశారని తొందరపడితే ఆ సేవే హాని అవుతుంది.

లేపడంలో జరిగే పొరపాటు దాదాపు అందరిదీ ఒకటే: చేతులు పట్టి లాగడం. పక్షవాతం ఉన్న చెయ్యి లాగితే భుజం జారుతుంది. చక్రాల కుర్చీని మంచం పక్కన, రోగికి బలమున్న వైపు పెట్టి, బ్రేకులు వేసి, కాళ్ల పలకలు పైకి మడవాలి. ఈ మూడింటిలో ఏదొక్కటి మరిచినా పడిపోవడం ఖాయం. మన కాళ్లు ఎడంగా పెట్టి, నడుము కాకుండా మోకాళ్లు వంచి, ఆయన నడుము దగ్గర పట్టు దొరకబుచ్చుకోవాలి. పట్టు దొరకకపోతే రోగి నడుముకు గమ్ఛా (పలుచని నూలు తువ్వాలు) బిగించి కట్టి దాన్ని పట్టుకోవచ్చు. బరువైనవాళ్లను ఒక్కరే లేపే సాహసం వద్దు. మంచం మీద జరపాల్సి వస్తే ఈడ్వకుండా, కింద వేసిన పక్కబట్టను ఇద్దరు రెండు వైపులా పట్టి ఎత్తి జరపాలి. ఈడ్చినప్పుడల్లా పిరుదుల దగ్గర చర్మం లోపలే చిరుగుతుంది.

కదల్లేనివాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పక్క మీద ముడతలు, మెతుకులు లేకుండా చూడాలి. తుంటి, మడమ, వెన్ను చివర ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే అది పుండుకు మొదలు. నూనెతో మర్దనా చేస్తే పోతుందని మన ఇళ్లలో అనుకుంటాం. ఆ ఎర్రబడ్డ చోట రుద్దితే ఇంకా ముదురుతుంది, కాబట్టి చెయ్యి పెట్టకుండా సిస్టర్‌కి చూపించాలి. మిగతా ఒంటికి నూనె రాయడం మాత్రం రోగులు ఎంతో ఇష్టపడే పని. చలికాలంలో కాళ్లకు, చేతులకు నెమ్మదిగా పావుగంట రాస్తే ముఖాలు విప్పారతాయి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉంటే అక్కడా రుద్దొద్దు. గోళ్లు తీసే ముందు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. షుగర్ ఉన్నవాళ్ల కాలిగోళ్లు సిస్టర్లకే వదిలెయ్యండి.

ఈ గృహాల మీద వచ్చిన విమర్శలను దాచడం మర్యాద కాదు. 1994లో లాన్సెట్ వైద్య పత్రికలో దాని సంపాదకుడు రాబిన్ ఫాక్స్ కాళీఘాట్ గృహం గురించి రాస్తూ, రోగ నిర్ధారణ క్రమంగా జరగడం లేదని, నొప్పికి బలమైన మందులు వాడడం లేదని తప్పుపట్టారు. శుభ్రత, పుండ్లు కడిగి కట్టే శ్రద్ధ, ఆదరణ ఉన్నాయని కూడా ఆయనే రాశారు. మా ఉద్దేశంలో ఆ విమర్శను కథోలికులే ముందుగా చెవిన పెట్టాలి. ఇవి ఆసుపత్రులు కావు, ఆసుపత్రి గేటు దగ్గర కూడా చోటు దొరకనివాళ్లకు ఇళ్లు. అయినా నొప్పి తగ్గించడం ప్రేమలో భాగమే. వాలంటీరుగా మీరు చెయ్యగలిగింది ఉంది: రోగి మూలిగినా, తిండి మానినా, ఒంటి వేడి మారినా ఆ విషయం డ్యూటీ సిస్టర్‌కి వెంటనే, వివరంగా చెప్పండి. రోజూ అదే మనిషి దగ్గర కూర్చునేవాళ్లకు తెలిసేది డాక్టరు రౌండులో తెలియకపోవచ్చు. మందులు మాత్రం మీ చేతులతో ఇవ్వకండి, మీరు నర్సింగ్ చదివినా సరే, అడిగితే తప్ప.

మీ ఆరోగ్యం సంగతి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, మొదటిది వేసుకున్నాక నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. కాబట్టి ఆరు నెలల ముందే మొదలుపెట్టాలి. టెటనస్, టైఫాయిడ్ కూడా చూసుకోండి. గజ్జి అంటుకోవడం మామూలే, కంగారు అక్కర్లేదు. డాక్టరు పర్మెత్రిన్ 5 శాతం క్రీము రాస్తారు. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద, వేళ్ల సందుల్లో కూడా పట్టించి రాత్రంతా ఉంచి కడగాలి, వారం తర్వాత మళ్లీ ఒకసారి. తగ్గకపోవడానికి కారణం చాలాసార్లు మందు కాదు. అదే గదిలో ఉంటున్న స్నేహితులు దురద లేదని రాసుకోకపోవడం, దుప్పట్లు వేడినీళ్లలో వెయ్యకపోవడం. క్షయ ఉన్నవాళ్ల దగ్గర మాస్కు తియ్యొద్దు. బ్యాగులో తడిసినా ఆరిపోయే చెప్పులు, పాత నూలు బట్టలు, ఓఆర్ఎస్ పొట్లాలు చాలు. మీకే జలుబు, విరేచనాలు ఉంటే ఆ రోజు గృహానికి వెళ్లొద్దు.

బెంగాలీ రాదని ఆగిపోనక్కర్లేదు. జోల్ అంటే నీళ్లు, భాత్ అన్నం, బ్యథా నొప్పి, ఆస్తే మెల్లగా. మొదటి వారం ఈ నాలుగు మాటలతో గడిచిపోతుంది. గృహాల్లో జీతానికి పనిచేసే ఆడవాళ్లను అందరూ మాషీ అని పిలుస్తారు. మీకు అసలు పని నేర్పేది వాళ్లే. ఏ రోగికి ఏ వైపు నొప్పి, ఎవరు వేడి అన్నం తినరు, ఎవరికి స్నానమంటే భయం, అన్నీ వాళ్లకు తెలుసు. కాలేజీ చదువుకున్నామని వాళ్లకు సలహాలు ఇవ్వకుండా, వాళ్లు చేసేటప్పుడు పక్కన నిలబడి చూడండి.

గృహాల లోపల ఫొటోలు తియ్యకూడదు. ఇది గట్టి నియమం. సరైనదే. రోగులకు, ఆకలిగొన్నవాళ్లకు చేసింది నాకే చేసినట్టు అని యేసు చెప్పిన మత్తయి సువార్త 25వ అధ్యాయం నమ్మి వెళ్లినవాళ్లు, ఆ మంచం మీద ఉన్నది ఎవరో మరిచి, స్టేటస్ కోసం ఆయన ఒంటిని వాడుకోవడం మనకు తగదు. గేటు బయట తీసుకున్న ఫొటోలో కూడా రోగులు పడకుండా చూడండి.

ఎంతమంది, ఎన్నాళ్లు? విచారణ యువత పాతికమంది కలిసి నాలుగు రోజులకు వెళ్లే యాత్రలను మేం సమర్థించం. అంతమందికి పని చూపించడమే సిస్టర్లకు అదనపు పని. రోగులు ముఖాలు గుర్తుపట్టేలోగా ముఖాలు మారిపోతాయి. ముగ్గురో నలుగురో, కనీసం మూడు వారాలు. మొదటి వారం నేర్చుకోవడానికే పోతుంది, రెండో వారం చెయ్యి తిరుగుతుంది, మూడో వారానికి గానీ మీరు ఒకరికి నిజంగా ఆసరా కారు. సికింద్రాబాద్ నుంచి గుంటూరు, విజయవాడ మీదుగా హౌరా వెళ్లే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఉంది. హౌరా స్టేషన్‌లోనే మెట్రో ఎక్కితే నది అడుగునుంచి ఎస్ప్లనేడ్ చేరతారు, సడ్డర్ స్ట్రీట్ అక్కడికి దగ్గరే. కాళీఘాట్‌కు కూడా ఎస్ప్లనేడ్‌లోనే వేరే లైను మారొచ్చు.

అసలు అంత దూరం వెళ్లాలా అని అడిగేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. ఇవే సిస్టర్ల గృహాలు విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాద్‌లలో ఉన్నాయి. కలకత్తాకు టికెట్ తీసేముందు రెండు నెలల పాటు శనివారాలు అక్కడ పనిచెయ్యండి. పైన చెప్పిన లేపడం, తిప్పడం, తినిపించడం తెలుగు మాట్లాడే రోగుల దగ్గర నేర్చుకుంటే, ఎక్కడ నొప్పెట్టిందో వాళ్లే చెబుతారు. మీ విచారణలో విన్సెంట్ డి పాల్ సభ ఉంటే అందులోనూ చేరండి. 1833లో ప్యారిస్‌లో ఫ్రెడరిక్ ఒజనాం ఇరవయ్యేళ్ల విద్యార్థిగా స్నేహితులతో మొదలుపెట్టిన సభ అది. ఇద్దరిద్దరుగా పేదల ఇళ్లకు వెళ్లి, కూర్చుని మాట్లాడి, అవసరం కనుక్కుని, తిరిగొచ్చి సమావేశంలో చెప్పి సాయం చెయ్యడం వాళ్ల పద్ధతి. చాలా చోట్ల దాన్ని పెద్దవాళ్లే నెట్టుకొస్తున్నారు, మెట్లెక్కి వెళ్లే కాళ్లు కావాలి వాళ్లకు. కలకత్తా నుంచి వచ్చిన నెలలోపే ఇందులో ఏదో ఒకదానికి రోజు, వేళ ఖాయం చేసుకోండి. నెల దాటితే పరీక్షలు, పెళ్లిళ్లు, ఉద్యోగాల వేట అడ్డొస్తాయి.